అరువు సొమ్ము

సూక్ష్మజీవుల పూర్వోత్తరములు – తొమ్మిదవ భాగము

గత సంచికలో లూరియా, డెల్‌బ్రుక్ పండితులు 1943లో ప్రకటించిన పరీక్షను గూర్చి చెప్పుకొంటిమి. తమ్ము చంపవచ్చిన వైరసును చూచి బాక్టీరియా అప్పటికప్పుడు మారుట లేదనియు, ఆ వైరసు రాకపూర్వమే, ఏ ప్రయోజనమును ఉద్దేశింపక, కోట్లకొలది జీవులలో ఏ యొక్కదాని జన్యువులోనో దొర్లిన తప్పు, తరువాత వచ్చిపడిన ఆపదలో దానికి కవచమైనదనియు ఆ పరీక్షవలన తేలెను. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని ఆలోచించు పాఠకునకు ఇచ్చట నొక చిక్కు తోచకమానదు. జీనోమునందలి అక్షరములు అప్పుడొకటి యిప్పుడొకటిగా తారుమారగుచు, ఆ తారుమారులలోను మిక్కిలిభాగము చేటు తెచ్చునవో, మేలుకీళ్లు రెండును లేనివో యగుచుండగా, ఉప్పుటేటి నీటిలో రొయ్యపెంకులను పట్టుకొని బ్రతుకు నొక సామాన్యజీవి, ఆరోగ్యవంతుని పూటలో మట్టుపెట్టు హంతకిగా ఏ దారిని మారెను? తప్పుమీద తప్పు పేరుకొని అట్టి నేర్పు కలుగుటకు ఎన్ని యుగములు పట్టవలెను? ఈ ప్రశ్నకు సమాధానము కలరా చరిత్రలో దొరకినంత స్పష్టముగా మరియెచ్చటను దొరకదు. అందుచేత ఈ భాగమును దానికే వినియోగించుచున్నాను.

కలరా మనకు క్రొత్త కాదు. 1817లో వంగదేశమందలి జెస్సోరులో చెలరేగి, సైనికుల వెంటను వర్తకుల వెంటను బయలుదేరి ఆసియాఖండమున పలుదేశములకు ప్రాకిన నాటినుండి చరిత్రకారులు ఒకటవ మహమ్మారి, రెండవ మహమ్మారి యని లెక్కపెట్టుచు వచ్చిరి. మన కోస్తా జిల్లాలవారు దీనిని మరిడి యనిరి, తెలంగాణమువారు గత్తర యనిరి. పెద్దాపురపు మరిడమ్మ జాతరవంటివి ఆనాటి భయమునకు నేటికిని నిలిచియున్న గురుతులు. తెల్లవారుజామున చేనికి పోయినవాడు పొద్దుగుంకునప్పటికి కాటికి చేరుట ఈ వ్యాధిలో వింత కాదు. బియ్యము కడిగిన నీళ్లవంటి విరేచనములు ఒక్కొక్కప్పుడు గంటకొక లీటరు చొప్పున పోవును. కండ్లు గుంటలు పడి, చేతివ్రేళ్ల చర్మము ముడుతలు దేరి, గొంతు పీలవోయి, నెత్తురు చిక్కబడి, తెలివి యుండగనే మనుష్యుడు ఎండిపోవును.

దీనికి కారణమైన జీవిని 1854లోనే ఫ్లారెన్సు నగరములో ఫిలిప్పో పాచిని అను వైద్యుడు సూక్ష్మదర్శినిలో చూచి వ్రాసిపెట్టెను గాని, ఆ వ్రాత నెవ్వరును పట్టించుకొనలేదు. 1883లో ఈజిప్టుమీదుగా కలకత్తాకు వచ్చిన రాబర్ట్ కాఖ్, 1884 ఆరంభమున ఆ జీవిని వేరుపరచి పెంచి, అది కామా ఆకారమున వంగియుండునని లోకమునకు చాటెను. చనిపోయినవారి ప్రేవులలోనే కాక, జనులు స్నానమాడి, గుడ్డలుతికి, త్రాగు నొక చెరువునీటిలోగూడ ఆయన దానిని చూచెను. ప్రేవులను దాటి రక్తములోనికి పోనట్టి ఈ జీవి దేహమునంతను ఇట్లు కూల్చుచున్నదనగా, అది యేదో విషమును స్రవించుచుండవలెనని కాఖ్ ఊహించెను. ఊహ సరియైనదే. కాని ఆ విషము ఒకరి చేతికిని చిక్కక డెబ్బదియైదేండ్లు గడచిపోయెను.

చిక్కకపోవుటకు కారణము తెలివితక్కువ కాదు, అలవాటు. విషమనగానే పరిశోధకులు దానిని జంతువుల రక్తనాళములలోనికో, పొట్టకుహరములోనికో సూదితో ఎక్కించి చూచుచుండిరి. జంతువులు చచ్చుచుండెను గాని వానికి కలరా మాత్రము రాకుండెను. శంభునాథ్ దే దీనినే మరియొక వైపునుండి ఆలోచించెను. 1915లో హుగ్లీ జిల్లాలోని యొక గ్రామమున సామాన్య కుటుంబమున పుట్టి, కలకత్తా వైద్య కళాశాలలో చదివి, లండనులో రాయ్ కామెరాన్ వద్ద పరిశోధన నేర్చి, 1949లో డాక్టరేటు పట్టముతో తిరిగివచ్చిన ఈ పెథాలజిస్టు, విషము ప్రేవులలోపలి గోడమీద పనిచేయునదైనపుడు దానిని ప్రేవులలోనే పెట్టి చూడవలెను గదా యనుకొనెను. చెప్పుకొన్నప్పుడు ఎంత తేలికగా తోచుచున్నదో చూడుడు! ఆ పరీక్షకు కావలసిన సరంజామాయు అంతే తేలిక. పస్తుంచిన కుందేలును మత్తులో ఉంచి, పొట్ట కోసి, చిన్నప్రేవును కొంచెము వెలికి తీసి, కొన్ని అంగుళముల మేర రెండు కొసలను పట్టుదారముతో బిగించికట్టి, ఆ కట్టిన భాగములోనికి కలరాజీవులున్న ద్రవమును కొద్దిగా సూదితో ఎక్కించి, ప్రేవును మరల లోపల పెట్టి కుట్టివేయుట. మరునాడు కుందేలును చంపి చూడగా, ఆ రెండు ముళ్లకు నడిమిభాగము ఉబ్బి, కలరారోగి విరేచనమును పోలిన నీటితో నిండియుండెను. ముళ్లకు ఇవతల నవతల నున్న ప్రేవులు ఎప్పటివలెనే యుండెను. 1953లో చటర్జీ అను సహచరునితో కలిసి దీనిని ప్రకటించిన పిమ్మట దే అచ్చట ఆగలేదు. జీవులను పెంచిన ద్రవమును, ఒక్క జీవియు మిగులని విధముగ వడపోసి, ఆ తేటను మాత్రమే ప్రేవులోనికి ఎక్కించెను. అప్పుడును ప్రేవు ఉబ్బెను. జీవి లేకుండ విషమొక్కటియే కలరాను కలిగించునని 1959లో ‘నేచర్’ పత్రికలో అచ్చయిన ఆ చిన్న వ్యాసముతో కాఖ్ ఊహ ఋజువయ్యెను.

ఈయనకు స్వదేశములో బ్రతికియున్నన్నాళ్లు చెప్పుకొనదగిన గౌరవ మేదియు దక్కలేదు. 1978లో స్టాక్‌హోములో కలరాపై జరిగిన నోబెల్ గోష్ఠికి పిలుపు వచ్చినది. జన్యుశాస్త్రవేత్త జాషువా లెడర్‌బర్గ్ ఆయనను నోబెల్ బహుమానమునకు ఒకటికంటె ఎక్కువ పర్యాయములు ప్రతిపాదించెను. మనవారికి మాత్రము ఆయన 1985లో మరణించిన తరువాతగాని, 1990లో ‘కరెంట్ సైన్స్’ ప్రత్యేక సంచిక వెలువడినప్పుడుగాని, సంగతి గుర్తుకు రాలేదు. పట్టుదారము, కుందేలు, వడపోత తప్ప మరేమియు లేని ప్రయోగశాలలో జరిగినపని కావుననే చిన్నచూపు చూచిరేమో!

తరువాతివారు ఆ విషమును శుద్ధిచేసి దాని నిర్మాణమును తెలిసికొనిరి. అది ఆరు తునకల ప్రోటీను. అందు ఒకేరకమైన అయిదు తునకలు ప్రేవుగోడలోని కణముల పైపొరను పట్టుకొనును; ఆరవది లోనికి జొరబడి, కణము ఉప్పును వెలికి పంపుటకు ఇచ్చు సంకేతమును ఆగకుండ చేయును. ఉప్పు పోయినవెంట నీరు పోవును. ఈ ఆరు తునకలకు కావలసిన జన్యువులు రెండే. మరి ఈ రెండు జన్యువులు ఆ జీవికి ఎచ్చటివి? సముద్రతీరములందలి ఉప్పునీటిలో, నదీముఖములలో, ఇదే జాతికి చెందిన జీవులు లెక్కకు మించి యున్నవి. వానిలో నూటికి తొంబదికి పైబడినవానికి ఈ జన్యువులు లేవు. అన్నదమ్ములలో ఒక్కనియింట మాత్రము కనబడు కత్తివంటి దీ విషము. తాతలనాటిదైనచో అందరియిండ్లలోను ఉండవలసినది.

జన్యువులు తల్లినుండి పిల్లకు దిగివచ్చుటయే కాక, ఒక జీవినుండి ప్రక్కనున్న మరియొక జీవికి అడ్డముగా పోవుటయు కలదని పాఠకులకు నాలుగవ భాగములో మనవిచేసితిని. 1928లో లండనులో ఫ్రెడరిక్ గ్రిఫిత్, చచ్చిన న్యుమోనియా జీవుల గుణమును బ్రతికియున్నవి స్వీకరించుట చూచెను. 1944లో ఏవరీ, మెక్లియాడ్, మెకార్టీలు ఆ స్వీకరింపబడిన పదార్థము డి.ఎన్.ఏ. యని తేల్చిరి. 1951లో సియాటిల్ నగరములో విక్టర్ ఫ్రీమన్, హానిచేయని డిఫ్తీరియా జీవులకు ఒకానొక ఫేజి సోకినంతనే అవి విషమును తయారుచేయ నారంభించుట కనుగొనెను. ఫేజి యనగా బాక్టీరియాను పట్టు వైరసు. అది తనతో గూడ విషజన్యువును మోసికొని వచ్చినది. కలరా విషయములోను ఇట్టిదే జరిగియుండునా యను అనుమానము చిరకాలముగ ఉండెను గాని, అట్టి ఫేజి యెచ్చటను కనబడదాయెను.

దానిని పట్టినవారు మాథ్యూ వాల్డర్, జాన్ మెకలానస్. వారు కలరాజీవియందలి విషజన్యువుల ప్రక్కను కానమైసిన్ అను మందును తట్టుకొను జన్యువు నొకదానిని గురుతుగా గ్రుచ్చిరి. ఆవును పొలిమేర దాటించినవా డెవడో తెలియవలెనన్న ఆవుకు ముద్ర వేయుట మంచిది గదా. తరువాత ఆ జీవిని పెంచిన ద్రవమును వడపోసి, జీవులు లేని ఆ తేటను వేరొక కలరాజీవులతో కలిపిరి. కానమైసిన్‌కు చావవలసిన ఆ రెండవ జీవులలో కొన్ని చావలేదు. గురుతు వానిలోనికి వచ్చియుండెను, గురుతుతోపాటు విషజన్యువులును వచ్చియుండెను. శంభునాథ్ దే కుందేలు ప్రేవులోనికి ఎక్కించినదియు వడపోసిన తేటయే. ముప్పదియేడేండ్లకు అట్టి తేటయే మరల సాక్ష్యము పలికెను. ఆ తేటలో పోగులవలె సన్నగా పొడుగుగా నున్న ఫేజి కనబడెను. దాని జీనోము ఏడువేల అక్షరములకు మించదు. ఇది 1996 సంగతి.

ఇందులో మిక్కిలి ఆలోచింపదగినది మరియొకటి యున్నది. వైరసు కణములోనికి దూరుటకు కణముపై నేదో యొకదానిని పట్టుకొనవలెను. ఈ ఫేజి పట్టుకొనునది కలరాజీవి తన దేహముపై పెంచుకొను సన్నని నూగుపోగులను. ఆ పోగులు ఆ జీవికి మనుష్యుని ప్రేవులలో గుంపుగూడి అంటిపెట్టుకొని యుండుటకు అవసరమైనవి. ప్రయోగశాలలోని గాజుపాత్రలలో అవి సరిగా పెరుగవు. కావుననే ఎలుకపిల్లల ప్రేవులలో ఈ విషజన్యువు ఒకదానినుండి మరియొకదానికి గాజుపాత్రలోకంటె ఎంతయో చురుకుగా పోవుచుండెను. అనగా మనుష్యుని పొట్టలో కాపురము పెట్టగలిగిన జీవికే ఈ వైరసు విషమును అందించుచున్నది. ఆ నూగుపోగుల జన్యువులైనను ఆ జీవి స్వార్జితములు కావు. అవియు వేరొకచోటినుండి వచ్చి దాని క్రోమోసోములో చేరిన పెద్దతునకలోనివి. ఫేజి లోనికి వచ్చి ఇంటిని పడగొట్టదు. క్రోమోసోములో ఒకచోట ఇమిడి, జీవి విభజన పొందినపుడెల్ల తానును విభజన పొందుచు సుఖముగా నుండును. బయటికి పోవలసి వచ్చినపుడు, ఆ జీవి విషమును బయటికి పంపు ద్వారమునుండియే తానును పోవును.

అరువు సొమ్ము బరువుచేటు అని మనవారు అందురు. కలరాజీవికి మాత్రము అరువు సొమ్ము చేటు చేయలేదు. పోగులు ఒకరివి, విషము ఒకరిది. ఈ రెండును పెట్టుకొని అది గంగాముఖమునుండి లండనువరకును, న్యూయార్కువరకును ఊరేగెను. విషము ప్రేవులను కడిగి లీటరులకొలది నీటిని వెలికి త్రోయుట రోగికి మరణము గాని, జీవికి ప్రయాణసాధనము. ఆ నీటిలో ఒక్కొక్క మిల్లీలీటరునందు కోట్లకొలది జీవులు క్రొత్త చెరువులకు, క్రొత్త నూతులకు తరలిపోవును.

ఇక చరిత్రలోనికి పోదము. 1905లో ఎర్రసముద్రపుటొడ్డున, సీనాయి ద్వీపకల్పములోని ఎల్ టోర్ అను క్వారంటీను శిబిరమున, మక్కానుండి మరలివచ్చుచు, కలరా లక్షణములు లేకయే చనిపోయిన యాత్రికుల ప్రేవులలో గాట్ష్లిక్ అను వైద్యుడు కలరాజీవిని పోలిన జీవిని కనుగొనెను. ఇది కలరాయా, కాదా యని పండితులు అర్ధశతాబ్దము వాదులాడిరి. 1961లో ఇండోనేషియాలోని సులవేసి ద్వీపమునుండి ఆ ఎల్ టోర్ రకమే బయలుదేరి, 1964 నాటికి భారతదేశమును, 1970లో ఆఫ్రికాను, 1991లో పెరూదేశమును చేరినప్పుడు వాదము దానంతటదే ముగిసెను. ఇదే ఏడవ మహమ్మారి. పాతరకము సోకినవారిలో మంచమెక్కువారి పాలు ఎక్కువ. ఎల్ టోర్ సోకినవారిలో పెక్కుమంది లక్షణములేమియు లేకుండ నడచుచు, తినుచు, ప్రయాణము చేయుచు దానిని మోసికొని పోవుదురు. నీటిలోను అది ఎక్కువకాలము నిలుచును. కొలది దశాబ్దములలో పాతరకము లోకములో కానరాకుండ పోయెను. ఈ ఎల్ టోర్ జీనోములో పాతరకమునకు లేని రెండు తునకలు ఉన్నవని 2002లో కనుగొనిరి. అవియు బయటినుండి వచ్చినవే.

2000 సంవత్సరమున కలరాజీవి జీనోము నంతను చదివి ప్రకటించిరి. దానికి క్రోమోసోములు రెండు: పెద్దదానిలో సుమారు 29 లక్షల 60 వేల అక్షరములు, చిన్నదానిలో సుమారు 10 లక్షల 70 వేలు; రెంటను కలిపి 3,885 జన్యువులు. చిన్న క్రోమోసోములో ఒకచోట, ఎక్కడెక్కడివో జన్యువులను తెచ్చి వరుసగా గ్రుచ్చిపెట్టుకొను పెద్ద పట్టీ యున్నది. వానిలో పెక్కింటి పని యేమో తెలియరాదు.

జీవి ఇతరుల డి.ఎన్.ఏ.ను ఎప్పుడు లోనికి తీసికొనును? 2005లో దీనికి ఉత్తరము దొరకెను. రొయ్యలు, పీతలు, కంటికానని నీటిపురుగులు వీని పెంకులు కైటిన్ అను పదార్థముతో ఏర్పడినవి. కలరాజీవి సముద్రపునీటిలో ఆ పెంకులను అంటిపెట్టుకొని దానినే తినుచు నుండును. కైటిన్ తగిలినంతనే దానిలో చుట్టుపట్లనున్న డి.ఎన్.ఏ.ను లోనికి లాగుకొను యంత్రాంగము మేలుకొనును. 2015లో లొజాన్ నగరమునందలి మెలనీ బ్లోకెష్ బృందమువారు ఇంకొక సంగతి తేల్చిరి: ఆ యంత్రాంగముతోపాటే ఈటెవంటి యొక పరికరమును మేలుకొనును, దానితో ప్రక్కజీవిని పొడిచి చంపి, దాని పగిలిన దేహమునుండి చిందిన జన్యువులను ఈ జీవి స్వాహా చేయును. దీనిని అరువనుట మర్యాదకొరకే; దోపిడి యన్నచో సరిపోవును.

దీని ఫలము మన పొరుగుననే కనబడినది. 1992 అక్టోబరులో మద్రాసులో కలరా వ్యాపించెను. రోగము కలరాయే, పరీక్షాశాలలో మాత్రము కలరాను గుర్తించు సీరము దానిని గుర్తింపకుండెను. ఈ జాతిలో అప్పటికి పైపొర భేదమునుబట్టి గుర్తించిన రకములు 138. మహమ్మారిని కలిగించునది మొదటిరకమొక్కటియే యని పాఠ్యగ్రంథములు ఘోషించుచుండెను. మద్రాసు జీవి ఆ 138లో ఏదియు కాదు. అది 139వది. వంగ అఖాతపు తీరము వెంబడి కొలది నెలలలో అది కలకత్తాకును బంగ్లాదేశమునకును ప్రాకెను. పసిపిల్లలకంటె పెద్దవారు ఎక్కువగా జబ్బుపడుట చూచినవారికి సంగతి అర్థమయ్యెను: చిన్ననాటినుండి కలరాకు అలవాటుపడి వీరి దేహములు సంపాదించుకొన్న రక్షణ, ఈ క్రొత్తదానిని పోల్చుకొనలేకున్నది. కడుపులోనిది పాత ఎల్ టోరే, విషము పాతదే, పోగులు పాతవే, పైవేషమొక్కటియే మారినది.

జన్యువులు చదివినపుడు ఆ వేషము మారిన తీరు తేటపడెను. ఎల్ టోర్ పైపొరకు కావలసిన సుమారు 22 వేల అక్షరముల భాగము తెగిపోయి, దాని స్థానమున వేరొక జీవినుండి వచ్చిన సుమారు 35 వేల అక్షరముల భాగము అతుకుకొన్నది. దీని వెల యెంతో తెలియవలెనన్న ఒక లెక్క చూడుడు. ఏడవ మహమ్మారి జీవుల జీనోములో కాలక్రమమున దొర్లు అక్షరదోషములు ఏడాదికి ఇంచుమించు మూడు. నలుబది లక్షల అక్షరములలో మూడు! ఆ నడకతో 35 వేల అక్షరములు మారుటకు పదివేల యేండ్లకు పైగా పట్టును. పట్టినను, మారిన అక్షరములకు అర్థమున్నదో లేదో చెప్పజాలము. మద్రాసులో కనబడిన జీవి ఆ పని ఒక్క బేరముతో ముగించినది. మొదట మనకు తోచిన చిక్కు ఇచ్చట విడిపోవుచున్నది. అక్షరదోషములు వ్యర్థములనుట నా అభిప్రాయము కాదు. చేజిక్కిన సొత్తును సానబట్టునవి అవియే. సొత్తు సమకూరుట మాత్రము ఇట్లే.

మందుల కథయు ఇదే దారిని నడచినది. శంభునాథ్ దే వ్యాసము వెలువడిన 1959లోనే జపానులో అకిబా, ఒచియాయ్ అను పండితులు వేరువేరుగా, రక్తవిరేచనముల జీవి పలుమందులను తట్టుకొను శక్తిని ప్రేవులలోని సాధుజీవులతో ఇచ్చిపుచ్చుకొనుచున్నదని కనుగొనిరి. ఒక్క మందుకు కాదు, మూటగట్టినట్లు నాలుగింటికి ఒక్కసారి! భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనాధిపతిగా నున్న లెడర్లే సంస్థలో, బెంజమిన్ డగ్గర్ 1948లో వెలికి తెచ్చిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లీను కుటుంబములో మొదటిది. ఆ కుటుంబపు మందులు కలరాకు ఎంతో ఉపకరించెను. 1977లో టాంజానియాలో కలరా వచ్చినపుడు, చికిత్సకే కాక నివారణకును టెట్రాసైక్లీనును విరివిగా పంచిపెట్టిరి. మొదట అన్ని జీవులును మందుకు లొంగెను. అయిదు నెలలు తిరుగునప్పటికి నూటికి 76 లొంగకుండెను. పంచినవారి ఉద్దేశము మంచిదే. ఆ మందుజల్లు మాత్రము తట్టుకొను జన్యువులున్న జీవులకు పొలము దున్ని యిచ్చినట్లయ్యెను.

ఇంత చెప్పి వైరసుల పక్షము చెప్పకుండుట న్యాయము కాదు. విషమును తెచ్చియిచ్చిన ఫేజి కలరాజీవికి చుట్టమైనచో, దానిని చీల్చి చంపు ఫేజులు బద్ధశత్రువులు. 1896లోనే హాంకిన్ అను దొర ఆగ్రాలో పనిచేయుచు, గంగాయమునల నీటికి కలరాజీవులను చంపు గుణము కలదని వ్రాసెను. దానికి ఫేజులే కారణమై యుండవచ్చునని తరువాతివారు తలచిరి. ఢాకా రోగుల విరేచనములలో తరచుగా కనబడు అట్టి యొక ఫేజిని గూర్చి 2013లో ఒక వింత బయటపడెను. ఆ ఫేజి దాడిచేసినపుడు దానిని అడ్డుకొనుటకు కలరాజీవి జీనోములో ఒక ప్రత్యేకమైన తునక యున్నది. ఫేజి లోనికి రాగానే ఆ తునక మేలుకొని, ఫేజి సంతానము పెరుగకుండ చేయును. జీవి చచ్చును, ప్రక్కవి బ్రతుకును. ఫేజి దీనికి ప్రతిక్రియగా, బాక్టీరియా వైరసుల డి.ఎన్.ఏ.ను గుర్తించి ముక్కలుచేయుటకు వాడు క్రిస్పర్ అను ఆయుధమునే తన జీనోములో పెట్టుకొని వచ్చి, ఆ తునకను ముక్కలుచేయుచున్నది. వైరసుల బారినుండి కాచుకొనుటకు బాక్టీరియాకు ఏర్పడిన కత్తిని వైరసు లాగుకొని బాక్టీరియా మీదనే త్రిప్పినది. ఇరుపక్షములవారును అరువు తెచ్చుకొనుటలో సమానులే.

ఈ జీనోములను చదువుట వలన చరిత్రకారునకు కలిగిన మేలు ఇంతంత కాదు. ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియమున 1849 నాటి కలరారోగి ప్రేవుతునక సీసాలో భద్రపరుపబడి యుండెను. 2014లో దానినుండి జీనోమును రాబట్టి, రెండవ మహమ్మారి పాతరకము పనియేనని ఋజువు చేసిరి. 2011లో 154 జీవుల జీనోములను సరిపోల్చినవారు, ఏడవ మహమ్మారి వంగ అఖాత ప్రాంతమునుండి కనీసము మూడు తరంగములుగా లోకముమీదికి పోయెననియు, మందులను తట్టుకొను శక్తినిచ్చు నొక పెద్ద జన్యుభాగము 1980కి అటునిటుగా దానిలో చేరెననియు తేల్చిరి.

ఇట్టి సాక్ష్యము రాజ్యములకును తల వంచుకొనవలసిన పరిస్థితి తెచ్చినది. శతాబ్దముగా కలరా యెరుగని హైతీ దేశమున, భూకంపము వచ్చిన 2010 సంవత్సరపు అక్టోబరులో, మిరెబలే పట్టణ సమీపమున, ఐక్యరాజ్యసమితి శాంతిసైనికుల శిబిరము ప్రక్కను ప్రవహించు నేటిదిగువను కలరా పొడసూపెను. ఆ సైనికులు నేపాలునుండి వచ్చినవారు. నేపాలు జీవులను, హైతీ జీవులను సరిచూడగా కొన్నింటి మధ్య భేదము ఒకటి రెండు అక్షరములే. ఎనిమిది లక్షలమందికి పైగా జబ్బుపడి, ఇంచుమించు పదివేలమంది చనిపోయిన ఆ విపత్తును గూర్చి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ 2016 డిసెంబరులో హైతీ ప్రజలను క్షమాపణ వేడుకొనెను. నలుబది లక్షల అక్షరములలో ఒక్కటో రెండో! ఇంతకంటె గట్టిసాక్షిని ఏ న్యాయస్థానము చూచియుండును?

ఈ జీవి ఇన్ని సొత్తులు ఆర్జించియు ఒక్కచోట మాత్రము ఓడుచున్నది. ప్రేవులలో చక్కెరయు ఉప్పును జంటగా లోనికి పోవు దారి యొకటి యున్నది; కలరావిషము ఆ దారిని తాకదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున, బనగాఁవ్ శరణార్థి శిబిరములో సెలైను సీసాలు అడుగంటినపుడు, దిలీప్ మహలనబిస్ అను వైద్యుడు ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ములలో పోసి, రోగుల బంధువులచేతనే త్రాగింపజేసెను. నూటికి ముప్పది వరకు ఉండిన మరణములు నాలుగుకు లోపునకు దిగెను. ఆ దారిని మూయగల జన్యువు ఈ జీవికి ఇంకను దొరకలేదు.

1961లో మొదలైన ఏడవ మహమ్మారి ఇంకను ముగియలేదు. వచ్చే భాగమున, జీనోమును ఎనిమిది తునకలుగా పెట్టుకొని, పంది దేహములోను పక్షి దేహములోను వానిని కలగలుపు ఇన్‌ఫ్లుయెంజా వైరసు కథను చెప్పుకొందము.